స్టెప్నీకి చోటు చూసుకున్నాకే పెద్ద టైర్లు

అనంతపురం మార్కెట్ యార్డులో చీనీకాయల (బత్తాయిల) లోడుతో వరసలో ఆగినప్పుడల్లా నేను దిగి, ముందున్న పికప్ దగ్గరికి పోయి, వెనక బంపరు కింద వంగి చూస్తుంటాను. మొదట్లో డ్రైవర్లు అనుమానంగా దిగొచ్చేవాళ్ళు. "ఏమప్పా, ఏం పోగొట్టుకున్యావ్ ఆడ?" అని ఒకాయన గట్టిగానే అడిగాడు. స్టెప్నీ చూస్తున్నానని చెప్పాను. ఆయనా వంగి చూశాడు. స్టెప్నీ బిగించే గొలుసు ఖాళీగా వేలాడుతోంది. దాని కొక్కేనికి ఎండుగడ్డి చుట్టుకుని ఉంది. బండికి నాలుగు టైర్లూ కొత్తవి, కంపెనీ నుంచి వచ్చినవాటికన్నా లావుగా, ఎత్తుగా ఉన్నాయి. మరి ఐదోది ఏదని అడిగితే, "ఇంటికాడ ఉండాది సామీ. పెద్దది కదా, కింద పట్టల్యా" అన్నాడు.

ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఒకప్పుడు నేనూ ఇదే చెప్పేవాణ్ణి. పికప్‌కి పెద్ద సైజు టైర్లు వేయించుకునేవాళ్ళు అదే సైజు స్టెప్నీ కూడా కొనాలి, అది రోజూ బండిలోనే తిరగాలి, దాన్ని ఎక్కడ కట్టాలో టైర్ల అంగడికి పోకముందే తేల్చుకోవాలి. చోటు కుదరకపోతే పెద్ద టైర్ల ఆలోచనే మానుకోవాలి. ఈ మాట అంటే నాతోటి డ్రైవర్లలో సగం మంది "అంత అవసరమా" అంటారు. అవసరమేనని ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను.

ముందు మా దారుల సంగతి చెప్పాలి. నా బండి బొలేరో పికప్. ఎక్కువగా తిరిగేది పుట్లూరు, యల్లనూరు, నార్పల వైపు. చీనీ తోటలు, అరటి తోటలు అటే ఎక్కువ. సీజన్‌ను బట్టి టమాటా బాక్సులు కక్కలపల్లి మార్కెట్‌కి వేస్తాను. తార్రోడ్డు వదిలి తోటలోకి దిగితే రెండు గాడీల మట్టి దారి, మధ్యలో మిట్ట, రెండు పక్కలా కంపచెట్లు. తోటకు కంచె వేసిన కంప ఎండి, విరిగి దారి మీద పడి ఉంటుంది. ఆ ముల్లు ట్రాక్టర్ టైరునే గుచ్చుతుంది. తాడిపత్రి వైపు పోతే ఇంకో రకం బాధ. నాపరాళ్ళ లోరీల నుంచి జారిపడిన ముక్కలు రోడ్డు అంచున పడి ఉంటాయి. అవి గులకరాళ్ళలా గుండ్రంగా ఉండవు. పలకలు పలకలుగా, అంచు కత్తిలాగా ఉంటాయి. ఎదురుగా వచ్చే బండికి సైడ్ ఇస్తూ ఎడమ చక్రం మట్టిలోకి దించామా, టైరు పక్క గోడ చీరుకుపోతుంది.

ఈ దారుల్లో తిరిగేవాడికి పెద్ద టైరు మీద ఆశ పుట్టడం సహజం. నా బండికి మొదట ఉన్నవి 215/75 ఆర్15, అంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 75 శాతం, డిస్కు 15 అంగుళాలు. వాటి స్థానంలో 235/75 ఆర్15 వేయించాను. డిస్కు, అంటే టైరు తొడిగే ఇనుప చక్రం, అదే పదిహేను అంగుళాలది. అయితే డిస్కు వెడల్పు కూడా చూసుకోవాలి, 235 టైరుకి కనీసం ఆరు అంగుళాలుండాలి. లెక్క వేస్తే పాత టైరు నిలువు 703 మిల్లీమీటర్ల చిల్లర, కొత్తది 733 చిల్లర. అంటే 30 మిల్లీమీటర్ల తేడా. దాంట్లో సగమే బండికి ఎత్తుగా దక్కేది, ఎందుకంటే మిగతా సగం ఇరుసుకు పైన ఉంటుంది. వేలకు వేలు పోసి నేను కొనుక్కున్న ఎత్తు ఒకటిన్నర సెంటీమీటరు. టైరు లావెక్కింది కాబట్టి ఇసుక వంకలో కాస్త బాగా నడుస్తుందన్నది నిజం. అయితే టైరు పెద్దదైతే లోడు ఎక్కువ లాగొచ్చనుకోవడం మాత్రం పొరపాటు. ఆర్సీలో రాసిన బరువు టైరుతో పాటు పెరగదు. బరువు మోసే కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) అవే, ఇరుసు అదే, బ్రేకులు అవే. పైగా చక్రం ఎత్తు పెరిగిందంటే ఇంజను అదే గేరులో ఇంకొంచెం కష్టపడాలి. కడప, రాయచోటి మధ్య ఉన్న గువ్వలచెరువు ఘాట్‌లో లోడుతో ఎక్కేటప్పుడు నాకది స్పష్టంగా తెలిసింది. అంతకుముందు మూడో గేరులో లాగిన మలుపుల్లో రెండోది వేయాల్సి వచ్చింది. మీటరు 80 చూపిస్తుంటే బండి నిజంగా 83 మీద పోతుంటుంది.

ఇవన్నీ తెలిసే వేయించాను. తప్పు ఎక్కడ చేశానంటే, నాలుగు టైర్లకే డబ్బు కట్టి, పాత స్టెప్నీని అలాగే కింద ఉంచేశాను. గాలి బాగుంది, రోడ్డుకు ఆనే గుండీలు అరగలేదు, ఎందుకు పారేయాలని అనుకున్నాను.

మూడు వారాలకు గుత్తి దగ్గర వెనక కుడి చక్రం పంచరైంది. పాత చిన్న స్టెప్నీ ఎక్కించి అనంతపురం దాకా వచ్చేశాను. బండి కొంచెం ఒక పక్కకు వాలింది తప్ప ఇంకేమీ తేడా అనిపించలేదు. మరుసటి రోజు పంచర్ అంగడిలో భాయ్ వెనక ఇరుసును, దాని పళ్ళ చక్రాలను మూసి ఉంచే హౌసింగ్ మీద చెయ్యి వేసి చూపించాడు. ఆయిల్ సీలు చుట్టూ తడి, దాని మీద దుమ్ము గట్టిగా పేరుకుని ఉంది. "ఎంత దూరం తోలినావన్నా ఇట్ల?" అని అడిగాడు. చెప్పాను. ఆయన సుద్దముక్క తీసుకుని అంగడి బండల మీదే లెక్క వేశాడు.

ఆ లెక్క ఇక్కడ రాస్తాను. చిన్న టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2,210 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. పెద్దది ఒక చుట్టుకు సుమారు 2,304 పోతుంది. కిలోమీటరు దూరానికి చిన్నది 452 సార్లు తిరగాలి, పెద్దది 434 సార్లు తిరిగితే చాలు. అంటే కిలోమీటరుకు పద్దెనిమిది చుట్లు తేడా. తిన్నని రోడ్డులో రెండు వెనక చక్రాలూ సమానంగా తిరుగుతాయి, హౌసింగ్‌లోని చిన్న పళ్ళ చక్రాలకు అప్పుడు పని ఉండదు. మలుపు తిరిగేటప్పుడు మాత్రమే, బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగాలి కాబట్టి అవి కాసేపు తిరుగుతాయి. వాటిని చేసింది ఆ కాసేపటికే. ఒక పక్క చిన్న టైరు, ఒక పక్క పెద్ద టైరు ఉంటే బండి ఎప్పుడూ మలుపు తిరుగుతూనే ఉన్నట్టు లెక్క. అరవై కిలోమీటర్లకు వెయ్యికి పైగా చుట్లు, అదీ లోడు మీద. ఆయిల్ వేడెక్కుతుంది, పల్చబడుతుంది, లోపలి పళ్ళ చక్రాలు, వాషర్లు అరుగుతాయి. సీలు అంతకుముందే పాతబడి ఉందో లేదో నేను చెప్పలేను గానీ, ఆ లెక్క చూశాక మళ్ళీ అలా తోలే ధైర్యం నాకు లేదు.

"మరి దారిలో వేరే దిక్కు లేకపోతే ఎట్ల భాయ్?" అని అడిగాను. ఆయన చెప్పిన ఉపాయం ప్రతి పికప్ డ్రైవరుకూ తెలియాలి. వెనక చక్రం పోతే, ముందున్న పెద్ద చక్రం ఒకటి ఊడదీసి వెనక్కి వేయాలి. చిన్న స్టెప్నీని ముందు వేయాలి. మా బండ్లకు ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది, ముందు చక్రాలు దేనికది స్వతంత్రంగా తిరుగుతాయి కాబట్టి హౌసింగ్‌కి నష్టం ఉండదు. అయితే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది, గట్టిగా బ్రేకు కొడితే ఇంకా లాగుతుంది. నలభై, యాభై మించకుండా దగ్గరలోని టైర్ల అంగడి దాకా మాత్రమే పోవాలి. లోడు మీద రెండు చక్రాలు విప్పి బిగించడం గంట పని. అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నవాడు ఆ పని చేయడు, ఉన్నదాన్ని ఉన్నచోటే బిగించి తోలేస్తాడు. నేను చేసిందీ అదే.

ఆ వారమే 235 సైజు స్టెప్నీ కొన్నాను. అప్పుడు మొదలైంది అసలు చిక్కు.

పికప్ బాడీ కింద స్టెప్నీకి ఇచ్చిన చోటు కంపెనీ టైరు కొలతకే సరిపోతుంది. ఒక పక్క క్రాస్ మెంబర్ (చాసిస్ అడ్డపట్టె), ఒక పక్క సైలెన్సర్ పైపు, వెనక బంపరు బ్రాకెట్. ముప్పై మిల్లీమీటర్లు పెద్దదయ్యేసరికి టైరు పైకి పోయి కూర్చోదు, అంచు ఎక్కడో ఒకచోట తగులుతుంది. గొలుసు బిగుసుకున్నట్టే ఉంటుంది గానీ చక్రం చేత్తో కదిపితే ఊగుతుంది. నేను రెండు రోజులు అలా తిరిగాను. తోట దారి మిట్ట మీద అది రుద్దుకుని పోయిన గీత మట్టిలో పడింది. టైర్లు మార్చి సంపాదించిన ఒకటిన్నర సెంటీమీటరు ముందుభాగంలో మిగిలింది, వెనక మాత్రం వేలాడే స్టెప్నీ వల్ల మునుపటికన్నా తగ్గిపోయింది.

ఊగే గొలుసు కడీలు ఒకదానికొకటి రాసుకుని సన్నబడతాయి. ఏదో ఒకరోజు స్పీడ్ బ్రేకర్ మీద తెగుతుంది. ముప్పై కిలోల చక్రం 44వ నంబరు హైవే మీద ఊడిపడితే వెనక బైకు మీద వచ్చేవాళ్ళ గతి ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. అందుకే గొలుసుకు తోడు ఇనుప తీగ చుట్టినంత మాత్రాన చాలదని నా నమ్మకం.

ఇంకో పద్ధతి కూడా ఉంది, నాకు చాలా కోపం తెప్పించేది. స్టెప్నీ గాలి సగం తీసేసి, మెత్తగా చేసి, కింద కుక్కి బిగిస్తారు. చూడ్డానికి బండికి స్టెప్నీ ఉంది. తనిఖీలో అడిగితే చూపించొచ్చు. అవసరం పడ్డప్పుడు దింపితే అది లోడు మోయలేని మెత్తటి టైరు. తోట దగ్గర గాలి మిషన్ ఉండదు. గాలి తక్కువున్న టైరు మీద టన్ను పైచిలుకు బరువుతో మే నెల ఎండలో పోతే పక్క గోడలు నలిగి, వేడెక్కి, అది కూడా పోతుంది. స్టెప్నీ లేనివాడైనా సాయం కోసం ఆగుతాడు. మెత్తటి స్టెప్నీ ఉన్నవాడు దాన్ని నమ్మి బయలుదేరతాడు.

నేను గాలి తీయలేదు. ఇంట్లో పెట్టేశాను. ఎప్పుడన్నా అవసరం పడితే తమ్ముడు తెచ్చిస్తాడులే అనుకున్నాను.

ఆ రాత్రి సంగతి రాయకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. మే నెల. యల్లనూరు వైపు ఒక తోటలో చీనీకాయలు కోసి, లోడెత్తేసరికి బాగా పొద్దుపోయింది. పొద్దున వేలానికి యార్డులో కాయలు ఉండాలని రైతు కోరిక. పన్నెండు దాటాక, పుట్లూరుకీ నార్పలకీ మధ్య, ఎదురుగా లోరీ వస్తే సైడ్ ఇచ్చాను. ఎడమ వెనక చక్రం మట్టిలోకి దిగింది. దబ్బుమని చప్పుడు. దిగి టార్చి వేసి చూస్తే టైరు పక్క గోడ బెత్తెడు పొడవు చీరుకుపోయి ఉంది. వెనక్కి నడిచి వెతికితే ఆ నాపరాయి ముక్క కనిపించింది, నేలలో సగం పూడి, అంచు పైకి లేచి.

అనంతపురంలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. ఆ వేళలో ఆటో గానీ ఇంకో బండి గానీ దొరకలేదు. వాడు స్టెప్నీని బైకు సీటు మీద పడుకోబెట్టి, తాడుతో కట్టుకుని, తాను ట్యాంకు మీదికి జరిగి కూర్చుని బయలుదేరాడు. నలభై కిలోమీటర్ల చిల్లర దూరం. ఆ చక్రాన్ని తర్వాత కాటా మీద పెట్టి చూశాను, 31 కిలోలు. దారిలో తాడు వదులై రెండుసార్లు ఆగి మళ్ళీ కట్టుకున్నాడట. గుంత వచ్చిన ప్రతిసారీ డిస్కు అంచు నడుముకు గుద్దుకుంటూ వచ్చింది. బండి దిగి చొక్కా పైకి లాగితే టార్చి వెలుతురులో చూశాను, నడుము మీద అరచేయంత మేర తోలు లేచిపోయి ఉంది. ఎదురొచ్చే లోరీల లైట్లకు కళ్ళు కనపడక ఒకచోట రోడ్డు దిగిపోయానన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు. "పదన్నా, తెల్లారుతాది" అని జాకీ అందుకున్నాడు.

అప్పుడు ఇంకో విషయం తెలిసింది. గాలి పోయిన టైరు విప్పడానికి జాకీ ఎత్తు సరిపోయింది. గాలి నిండిన పెద్ద టైరు ఎక్కించబోతే నేలకు తగిలి స్టడ్లలోకి (నట్లు పట్టే బోల్టుల్లోకి) పోదు. జాకీ చివరిదాకా లేచిపోయింది, దాని కింద ఎర్రమట్టి లోడు బరువుకు కుంగుతోంది. ఇద్దరం టామీ కడ్డీతో చక్రం కింద మట్టి తవ్వాం. అంత తవ్వాక చక్రం లోపలికి పోయింది. ఇప్పుడు నా సీటు వెనక రెండంగుళాల మందం చెక్కపలక ఒకటి ఎప్పుడూ ఉంటుంది, జాకీ కింద వేయడానికి. పెద్ద టైర్లు వేసినవాళ్ళందరికీ ఇది తప్పనిసరి.

యార్డుకు చేరేసరికి ఆ రోజు వేలం అయిపోయింది. కాయలు మరుసటి రోజుకు పడ్డాయి. ఎండలో ఒక రోజు ఆగిన చీనీకాయ తూకం తగ్గుతుంది, తొక్క మెరుపు తగ్గుతుంది. రైతు నన్నేమీ అనలేదు గానీ, బాడుగ ఇచ్చేటప్పుడు నా మొహంలోకి చూడలేదు. ఆ కాయల వెనక ఆయన రాత్రింబవళ్ళు బోరు కాడ పడిన కష్టముంది. లోడు మనది కానప్పుడు స్టెప్నీ ఇంట్లో పెట్టి రావడానికి మనకేం హక్కుందని ఆ రోజు నుంచి నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఇలా చెబితే ఎదురయ్యే మొదటి మాట, "ఇప్పుడన్నీ ట్యూబ్‌లెస్ కదా, పంచర్ కిట్ ఉంటే చాలు" అని. కార్ల విషయంలో ప్రభుత్వం కూడా కొంత ఒప్పుకుంది. 2020 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించినప్పుడు, డ్రైవరు కాక ఎనిమిది మందికి మించని, 3.5 టన్నుల లోపు ప్రయాణికుల వాహనాల్లో ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ లేకపోయినా పర్లేదన్నారు. అది సరుకు మోసే బండ్ల గురించి చెప్పింది కాదు. కంపముల్లు గుచ్చుకున్న చోట, అంటే గుండీల భాగంలో, కిట్ పనిచేస్తుంది. నా దగ్గరా ఉంది, చాలాసార్లు ఆదుకుంది. నాపరాయి చీల్చిన పక్క గోడను ఏ కిట్టూ పూడ్చలేదు. మా దారుల్లో అసలు ప్రమాదం రెండోదే.

రెండో మాట, "హైవే పొడుగునా పంచర్ అంగళ్ళు ఉన్నాయి" అని. ఉన్నాయి. పంచర్ వేస్తారు. టైరే పోతే కావలసింది టైరు. కంపెనీ సైజు అయితే ఎక్కడో ఒకచోట పాతదైనా దొరుకుతుంది, పక్క బండివాడైనా తన స్టెప్నీ ఇచ్చి ఊరు చేరుస్తాడు. మా డ్రైవర్లలో ఆ మంచితనం ఇంకా ఉంది. సైజు మార్చినవాడికి ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఎవరైనా ఇవ్వడానికి సిద్ధపడినా వాళ్ళది నీ బండికి సరిపోదు. పెద్ద టైరు వేసిన రోజే రోడ్డు మీద మన చుట్టాలు తగ్గిపోయినట్టు.

ఈ స్టెప్నీ అనే మాటకు ఒక కథ ఉంది, ఈ మధ్యే తెలిసింది. 1904లో బ్రిటన్‌లోని వేల్స్‌లో, లనెల్లీ అనే ఊళ్ళో, డేవిస్ అనే ఇద్దరు అన్నదమ్ములు దీన్ని తయారుచేశారు. అప్పటి కార్లు అదనపు చక్రం లేకుండానే వచ్చేవి. వీళ్ళది పుల్లలు లేని ఉత్త రిమ్ము, దానికి గాలి నింపిన టైరు. పాడైన చక్రం పక్కన దాన్ని క్లాంపులతో బిగించి ముందుకు పోయేవాళ్ళు. వాళ్ళ దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఆ వీధి పేరు ఇక్కడ పంచర్ అంగడి బోర్డుల దాకా వచ్చింది. ఇద్దరు అన్నదమ్ముల పని అని చదివినప్పుడు నాకు మా తమ్ముడి నడుము మీది గాయమే గుర్తొచ్చింది.

సరే, చోటు ఎక్కడ? నేను చూసినవి, కొన్ని చేసి విడిచినవి చెబుతాను.

కేబిన్ పైన క్యారియర్ మీద కట్టడం చాలామంది చేస్తారు. ముప్పై ఒక్క కిలోలను మనిషి ఎత్తుకు పైనుంచి ఒంటరిగా దింపడం రాత్రిపూట ప్రమాదం. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు అది ముందుకు ఉరకాలని చూస్తుంది, దాన్ని ఆపేది తాడు. మా ఎండకు నైలాన్ తాడు ఒక వేసవి దాటితే పీచు లేస్తుంది. పైన బరువు పెరిగితే మలుపుల్లో బండి ఊగడం కూడా తెలుస్తుంది. నేను ఒప్పుకోను.

బాడీలో నేల మీద పడుకోబెట్టడం ఇంకో పద్ధతి. దాని మీద పన్నెండు వందల కిలోల చీనీకాయలు పోస్తారు. పంచరైతే కాయలన్నీ రోడ్డు మీద పోసి స్టెప్నీ తీయాలి. ఆ మాటే చాలు.

బాడీ ముందు మూలన, కేబిన్‌కు ఆనించి నిలువుగా నిలబెట్టడం ఒక్కటే నాకు నచ్చింది, ఇప్పుడు నా బండికి ఉన్నదీ అదే. చేయించిన విధానం చెబుతాను. వెల్డింగ్ మేస్త్రీ మొదట బాడీ ముందు గోడకు ప్లేటు అతికిద్దామన్నాడు. వద్దన్నాను, ఆ రేకు ఆ బరువు గుంజుడుకు కొన్నాళ్ళకు చీలుతుంది. బాడీ నేల కింద అడ్డంగా పోయే చానల్‌కి బోల్టులతో పట్టేలా రెండు యాంగ్లర్లు (ఎల్ ఆకారపు ఇనుప కమ్ములు) నిలబెట్టాం. వాటి మధ్య ఎనిమిది మిల్లీమీటర్ల మందం ప్లేటు. ఆ ప్లేటుకు రెండు పొడవాటి స్టడ్లు, డిస్కు మీది నట్ల బొక్కల దూరానికి సరిగ్గా కొలిచి. చక్రాన్ని ఆ స్టడ్లలోకి తోసి, పైనుంచి ఒక పట్టీ వేసి, వీల్ నట్లతోనే బిగిస్తాం. అవే నట్లు కావడం వల్ల వేరే పానా అక్కర్లేదు. టైరు అడుగు నేలకు ఆనేచోట పాత టైరు ముక్క పరిచాం, కంపనానికి నట్లు వదులు కాకుండా. ఒక గొలుసు, తాళం. కాయలు టైరుకు ఒరుసుకోకుండా అడ్డంగా ఒక ప్లైవుడ్ పలక. విప్పి కింద పెట్టడానికి ఇప్పుడు నాకు మూడు నిమిషాలు పడుతుంది, లోడు కదపకుండా, బాడీ పక్క అంచు మీదుగా.

చోటు పోతుంది, కాదనను. టమాటా బాక్సులైతే నాలుగు తగ్గుతాయి. చీనీకాయలు రాశిగా పోస్తాం కాబట్టి బరువు పరిమితి ముందే వచ్చేస్తుంది, చోటు తగ్గినట్టే అనిపించదు. నాలుగు బాక్సుల బాడుగ ట్రిప్పుకు ఎంతో లెక్క వేసుకున్నా, ఆ ఒక్క రాత్రి పోయినదానికి అది సాటి రాదు. బరువు సంగతి కూడా అడుగుతారు. కింద ఉన్న పాత స్టెప్నీ బరువు తీసేస్తే చక్రం వరకు కొత్తగా పెరిగింది ఐదారు కిలోలే.

బాడీలో పెట్టినదానికి ఎండ దెబ్బ ఉంటుంది. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది, రబ్బరు పగుళ్ళు వస్తాయి. పాత టార్పాలిన్ ముక్కతో కుట్టించిన గలీబు తొడిగాను. అంతకన్నా మంచి మందు, స్టెప్నీని వాడుతూ ఉండడం. ఐదు టైర్లూ ఒకే సైజు అయినప్పుడు ఐదింటినీ వంతులవారీగా తిప్పుకోవచ్చు. నేను పదివేల కిలోమీటర్లకోసారి తిప్పిస్తాను. ఐదూ సమానంగా అరుగుతాయి, ఒక్కోదానికి ఆయుష్షు పెరుగుతుంది, స్టెప్నీ వాడకుండానే ముసలిదైపోదు. టైరు వయసు దాని మీదే రాసి ఉంటుంది. పక్క గోడ మీద నాలుగు అంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పికప్‌ల కింద వేలాడే స్టెప్నీల మీద ఆ అంకెలు బురద తుడిచి చూస్తే బండికన్నా ముందు పుట్టినవి కూడా కనిపిస్తాయి. గాలి నెలకోసారి పట్టించాలి, నడిచే టైర్లకన్నా ఐదు పౌండ్లు ఎక్కువ ఉంచితే మేలు, టైరు మీద రాసిన గరిష్ఠానికి మించకుండా. తక్కువ ఉంటే నింపుకోవడం కష్టం, ఎక్కువుంటే రోడ్డు మీదే తీసేసుకోవచ్చు.

చట్టం సంగతి రెండు మాటల్లో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కాబట్టి మీ మోడల్‌కి కంపెనీ ఏయే టైరు సైజులు ఒప్పుకుందో పుస్తకంలో చూసుకున్నాకే పెద్దదానికి పోండి. కట్టిన స్టెప్నీ బాడీ బయటికి పొడుచుకు రాకూడదు. 2019 సవరణ తర్వాత సరుకు అలా బయటికి వచ్చినందుకు కేంద్ర చట్టంలో జరిమానా 20,000 రూపాయలు.

మా తమ్ముడు ఈ మధ్య సెకండ్ హ్యాండ్ పికప్ ఒకటి బేరం చేసుకున్నాడు. వాడికీ పెద్ద టైర్లు కావాలట. వద్దని చెప్పలేదు. టేపు పట్టుకుని పోయి వాడి బండి బాడీ ముందు మూల కొలిచాం, చానల్ ఎక్కడ పోతోందో కింద పడుకుని చూశాం. శుక్రవారం వెల్డింగ్ అంగడికి బండి పెడుతున్నాం. టైర్లు ఆ తర్వాత. ఐదు.